పదకొండు నెలలు, వేలెడంత పరిగ

2025 జూన్ 22 ఆదివారం పొద్దున్న, శ్రీకాకుళం జిల్లాలో మందస దాటాక వచ్చే కొండల్లో ఒక గెడ్డ (కొండవాగు) దగ్గర నా గేలానికి ఒక పరిగ చేప పడింది. చూపుడువేలి కంటే గోరంత పొడవు ఎక్కువ. దానికి నాకు పదకొండు నెలలు పట్టింది, 32 వేల చిల్లర ఖర్చయింది. ఎడమ చీలమండ ఒకసారి బెణికింది, కుడి బొటనవేలి గోరు రెండుసార్లు ఊడింది. ఇందులో గొప్పేమీ లేదని నాకూ తెలుసు. కానీ కొండల్లో పరుగు, ఈకల గేలం, రెండూ కలిపి మన వైపు మొదలుపెడితే ఏం ఎదురవుతుందో చెప్పేవాళ్ళు అప్పట్లో నాకెవరూ దొరకలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేనుండేది కాశీబుగ్గలో. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. వయసు 39. మూడేళ్ళుగా తెల్లవారుజామున రోడ్డు మీద పరుగెడుతున్నాను. అంటే సగం పరుగు లారీలకి భయపడి, సగం కుక్కలకి భయపడి. వాన వెలిసిన పొద్దుల్లో ఉత్తరానికి చూస్తే కొండల వెనక మహేంద్రగిరి కనిపిస్తుంది. 1501 మీటర్లు. పటంలో అది ఒడిశా గజపతి జిల్లాది, కళ్ళకి మాత్రం మాదే. ఆ కొండల నీళ్ళే మహేంద్రతనయ. ఆ పేరుతో రెండు నదులున్నాయని బయటివాళ్ళకి అంతగా తెలీదు. ఒకటి బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది, రెండోది గొట్టా బ్యారేజీకి ఎగువన వంశధారలో కలుస్తుంది. చిన్నప్పుడు బారువలో నది సముద్రంలో కలిసే మొగ దగ్గర నిలబడి ఈ నీరు ఎక్కణ్ణించి వస్తుందని అడిగితే, నాన్న నోట్లో చుట్ట తియ్యకుండా కొండల వైపు గడ్డం ఎత్తేవారు. ఆ గడ్డం చూపించిన చోటికి పరుగెత్తుకుంటూ వెళ్ళాలన్నది ఎప్పటి కోరికో.

గేలం సంగతి మాత్రం మా బావమరిది తగిలించాడు. 2024 జులై ఆఖరి వారంలో బెంగళూరు నుంచి వచ్చినప్పుడు ఫ్లై ఫిషింగ్ గురించి చెప్పాడు. మామూలు గేలంలో ఎర బరువో, కట్టిన సీసం బరువో దారాన్ని లాక్కుపోతుంది. ఇందులో ఎరకి బరువుండదు. కొక్కేనికి చుట్టిన ఈక, దారం, అంతే. బరువంతా దారానిదే. పూత పూసిన లావుపాటి దారాన్ని గాల్లో వెనక్కీ ముందుకీ ఆడించి విసిరితే, అది ఆ ఈకల పురుగుని మోసుకెళ్ళి నీటి మీద దించుతుంది. ఇదంతా నాకు సగమే అర్థమైంది గాని, "రాడ్డు నాలుగు ముక్కలుగా ఊడుతుంది బావా, రెండడుగుల గొట్టంలో పెట్టుకుని వీపున తగిలించుకు పరుగెట్టొచ్చు" అన్న మాట దగ్గర నేను పడిపోయాను.

మొదట బూట్లు. రోడ్డు బూట్లతో కొండ ఎక్కొచ్చు, దిగడమే కష్టం. ఆగస్టు 3న అడుగున పళ్ళున్న జత ఒకటి ఆర్డరు పెట్టాను, 6,499 రూపాయలు. ఐదు రోజుల్లో వచ్చింది. ఎప్పుడూ వేసుకునే సైజే తీసుకున్నాను, అదే తప్పు. దిగేటప్పుడు పాదం ముందుకి జారి వేళ్ళు బూటు ముక్కుకి గుద్దుకుంటాయి. రెండు వారాలకి బొటనవేలి గోరు నల్లబడింది, నెలకి ఊడింది. వాడిన బూట్లు వెనక్కి తీసుకోవడం కుదరదన్నారు. పల్చటి మేజోళ్ళకి మారి, మడమ దగ్గర లేసు బిగించి, ఆ జతతోనే నెట్టుకొచ్చాను. మీరు కొంటే ఒక సైజు పెద్దది కొనండి.

సెప్టెంబరు 8 ఆదివారం, ఊరి వెనక మెట్ట దిగుతూ కాలు మడత పడింది. కారణం రాయి కాదు, చూపు. నేను పాదాల కిందకి చూస్తున్నాను. చూడాల్సింది నాలుగడుగుల ముందుకి. కాలు ఎక్కడ పడుతుందో ముందే తేల్చుకున్న కాలికే కొండ దిగడం వస్తుందని తర్వాత అర్థమైంది. ఎక్సరే, డాక్టరు ఫీజు, కాలికి వ్యాయామాలు నేర్పినతని ఫీజు కలిపి 2,150. ఎముక బాగానే ఉంది, మూడు వారాలు చాలన్నారు. నిజానికి ఆరు వారాలు పట్టింది. ఆ ఆరు వారాలూ పళ్ళు తోముకుంటున్నంతసేపు ఒంటికాలి మీద నిలబడేవాణ్ణి. ఇంట్లో వాళ్ళు నవ్వారు గాని నన్ను నిలబెట్టింది అదే, ఆ చీలమండ మళ్ళీ మడత పడలేదు. అక్టోబరు ఆఖర్లో మళ్ళీ మొదలెడదామనుకునే సరికి దానా తుపాను వానలు. మట్టి ఆరే దాకా ఇంకో వారం.

నవంబరు 11న రాడ్డుకి డబ్బు కట్టాను. ఏడున్నర అడుగులది, నాలుగో నంబరు. ఈ నంబరు లైను (ఆ లావుపాటి దారం) బరువుకి పెట్టిన లెక్క. లైను మొదటి 30 అడుగులు తూచి నంబరు ఇస్తారు, నాలుగో నంబరంటే సుమారు 8 గ్రాములు. అంకె పెరిగే కొద్దీ పెద్ద చేపకి, పెద్ద గాలికి. గెడ్డల్లో పరిగలకి నాలుగు కూడా ఎక్కువే. రాడ్డు 8,900, రీలు 3,600, లైను 3,200. చివర కట్టే సన్నదారాలు 1,450. ఈకలు చుట్టడానికి చిన్న పట్టుడు పరికరం, దారాలు, కొక్కేలు కలిపి 2,300. ఈ అంకెలు ఇంట్లో ఒకేసారి చెప్పలేదు. వాయిదాల్లో చెప్పాను.

పందొమ్మిది రోజులకి, నవంబరు 30న, పెట్టె వచ్చింది. పిల్లాడిలా చింపేశాను. పైముక్క కొసన విరిగి ఉంది. దుకాణానికి ఫోను చేస్తే పెట్టె విప్పుతున్నప్పటి వీడియో పంపమన్నారు. నా దగ్గర ఎక్కడిది? ఫొటోలు, బిల్లు, మళ్ళీ ఫొటోలు. మొత్తానికి ఆ ఒక్క ముక్క పంపడానికి ఒప్పుకున్నారు. అది జనవరి 4న వచ్చింది. అంటే డబ్బు కట్టిన రోజు నుంచి యాభై నాలుగు రోజులు. ఆ మధ్యలో గొట్టాన్ని బీరువా మీద పెట్టి, వారానికోసారి దించి తుడిచి, మళ్ళీ పెట్టేవాణ్ణి. కొత్త బండికి నంబరు రానివాడి బాధ గుర్తొచ్చేది.

ఈ లోగా అమ్మకి సంగతి తెలిసింది. చేపల గురించి ఏమీ అనలేదు, కొండ పేరు ఎత్తగానే ముఖం మారింది. 1967 నుంచి మూడు నాలుగేళ్ళు ఈ కొండల్లో గిరిజన పోరాటం నడిచినప్పుడు అమ్మ చిన్నపిల్ల. పోలీసు జీపు చప్పుడైతే పిల్లల్ని లోపల పెట్టి తలుపేసేవారట. "ఆ కొండల మీదికి సరదాకి ఎల్లడమేటి?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

ఈకలు మాత్రం ఖర్చు లేకుండా వచ్చాయి. పుంజు మెడ మీది ఈకలు సన్నగా, బిరుసుగా ఉంటాయి. నీళ్ళ మీద తేలే పురుగుకి కాళ్ళలా పనికొస్తాయి. కనుమ రోజున మా పెద్దనాన్న గారింట్లో పుంజుని కోస్తే, మెడ తోలు ఈకలతో సహా అడిగి తెచ్చుకున్నాను. ఉప్పు, పసుపు రాసి డాబా మీద ఆరబెట్టాను. మూడోనాటికి చీమలు తినేశాయి. రెండోసారి చికెను కొట్టతన్ని బతిమాలి నాటుకోడి మెడ తెచ్చి, నీళ్ళు పోసిన పళ్ళెం మధ్యలో ఇటుక పెట్టి, దాని మీద ఆరబెట్టాను. అది నిలిచింది. ఇంట్లో వాసన కూడా నిలిచింది. ఆ నెల రోజులూ మా ఆవిడ డాబా మీదికి బట్టలు ఆరెయ్యడానికి రాలేదు, నేనే ఆరేశాను.

విసరడం నేర్చుకోవడానికి అమ్మానాన్నల ఊరు వెళ్ళేవాణ్ణి. సంక్రాంతి వెళ్ళాక కళ్ళం ఖాళీగా ఉంటుంది. కొక్కేనికి బదులు ఎర్ర ఊలుపోగు కట్టి, ఆదివారం ఆదివారం రెండేసి గంటలు. మొదటి రోజు పదిహేను మంది పిల్లలు పోగయ్యారు. "మావా, సేపలెక్కడున్నాయి?" అని ఒకడు. "గాల్లో ఉన్నాయిరా, ఆగు" అని ఇంకొకడు. మూడో వారానికి వాళ్ళకి విసుగొచ్చి క్రికెట్‌కి పోయారు. నాకు మాత్రం రాలేదు, విసరడం. లైను ప్రతిసారీ నా నెత్తిన కుప్పగా పడేది, లేకపోతే టప్‌మని చప్పుడు చేసి ఊలుపోగు తెగిపోయేది. బలం చాలట్లేదేమోనని ఇంకా గట్టిగా విసిరేవాణ్ణి. భుజం నొప్పి తప్ప ఏం రాలేదు.

నాన్న అరుగు మీద కూర్చుని నాలుగు వారాలు చూశారు. ఆయన ఎడ్లు తోలిన మనిషి. ఒకరోజు చుట్ట ఆర్పి లేచి వచ్చి, "అది సెర్నాకోల కాదురా" అన్నారు. "సెర్నాకోల ఎనక్కి పూర్తిగా సాగకముందే ముందుకి లాగితే సప్పుడొస్తాది. నీకు సప్పుడు కావాలా, సేప కావాలా?"

అంతే. అంతకు మించి ఎవరూ నాకేమీ నేర్పలేదు. వెనక్కి విసిరి, లైను వెనక నిటారుగా సాగే దాకా ఆగాలి. ఆ ఆగడం లెక్కకి అర సెకను కూడా ఉండదు, చేతికి మాత్రం ఒక ఏడు. చెయ్యి గింజుకుంటుంది. తల తిప్పి వెనక్కి చూస్తూ విసిరితే ఆగడం తెలిసింది. ఫిబ్రవరి 16న మొదటిసారి లైను చప్పుడు లేకుండా వెళ్ళి, ముప్ఫై అడుగుల అవతల ఊలుపోగు గడ్డి మీద వాలింది. చూడ్డానికి నాన్న ఒక్కరే ఉన్నారు. "ఊఁ" అన్నారు.

అనుమతుల గురించి క్లుప్తంగా చెప్తాను. రిజర్వు ఫారెస్టులో అడగకుండా చేపలు పట్టకూడదు. ఫిబ్రవరి 3న తెల్లకాగితం మీద అర్జీ, ఆధార్ నకలు పట్టుకుని ఫారెస్టు ఆఫీసుకి వెళ్ళాను. సారు లేరు. 10న ఉన్నారు, మీటింగులో ఉన్నారు. 24న కలిశారు. నేను చెప్పింది విని, "పరిగెట్టుకుంటా ఎల్లి సేపలు పడతారా?" అని రెండుసార్లు అడిగారు. కాగితం ఇవ్వలేదు గాని సలహా మంచిదే ఇచ్చారు. హద్దు రాళ్ళకి పైన గేలం తియ్యొద్దు, కింద ఊరివాళ్ళ గెడ్డలో ఊరివాళ్ళని అడిగి పట్టుకోండి, ఒక్కరూ వెళ్ళకండి అని. ఆ ఊరు సవర గిరిజనుల ఊరు. పెద్దమనుషులు పెట్టిన షరతు ఒకటే. పైన తాగునీటి పైపు మొదలయ్యే చోటుకి ఎగువన నీళ్ళలో కాలు పెట్టకూడదు. నాకు దారి చూపడానికి ఒక తాత ఒప్పుకున్నాడు. అరవై దాటి ఉంటాయి. రోజుకి ఐదు వందలు ఇచ్చాను. నేను పరుగెత్తితే తను నడిచి వచ్చేవాడు. చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని, ఎక్కేటప్పుడు ఇద్దరం ఒకేసారి చేరేవాళ్ళం.

మార్చి 9న మొదటి ప్రయాణం. తెల్లారగట్ల బండి మీద వెళ్తుంటే దారిలో తనిఖీ. వీపున రెండడుగుల గొట్టం చూసి దించేశారు. విప్పి చూపించాను. "ఇది దేనికి?" "చేపలకండి." "సేపలు కొండ మీదున్నాయా?" పావుగంట పట్టింది. అప్పటి నుంచి బిల్లు నకలు గొట్టంలోనే పెడుతున్నాను. బండి ఆపిన చోటు నుంచి గెడ్డకి ఏడు కిలోమీటర్లు. జీడితోటల మధ్య డొంక, తర్వాత పోడు కొండ, తర్వాత అడివి. నా గడియారం 380 మీటర్ల ఎత్తు చూపించింది. నడుముకి కట్టుకున్న సంచిలో ఓఆర్‌ఎస్, పలాస జీడిపప్పు, మందస కోవా. పరుగెత్తేవాళ్ళు జెల్ పాకెట్లు కొంటారు. నాకు కోవా కంటే మంచిది కనిపించలేదు. కాకపోతే ఎనిమిది దాటాక ఎండకి కారిపోతుంది, ఆకులో చుట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాలి.

గెడ్డ చూసి నా గుండె జారింది. నీళ్ళు లేక కాదు, చోటు లేక. రెండు వైపులా చెట్లు, పైన తీగలు. కళ్ళంలో నేర్చుకున్న ముప్ఫై అడుగుల విసురుకి ఇక్కడ మూడడుగులు కూడా లేదు. ఆ రోజు ఆరు ఈగలు (నేను చుట్టిన ఈకల పురుగుల్ని అలాగే అంటాను) కొమ్మలకి బలి. ఒక్కోటి చుట్టడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టేది. నాలుగోది తియ్యడానికి తాత చెట్టెక్కుతానంటే వద్దని దండం పెట్టాను. చెట్ల కింద వేరే పద్ధతులున్నాయి. లైనుని వెనక్కి పంపకుండా నీటి మీదే దొర్లించడం ఒకటి. కొక్కేన్ని రెండు వేళ్ళతో వెనక నుంచి పట్టి, రాడ్డు వంగేలా లాగి వదలడం రెండోది. రెండోది చూడగానే తాత ముఖం వెలిగింది. "ఇది ఇల్లు గదా బాబూ!" అన్నాడు. విల్లే. తన చేతికిస్తే మొదటి వదులుకే ఈగని బండరాయి పక్కన, నేను అరగంటగా చేర్చలేకపోయిన చోట దించాడు. చేప మాత్రం రాలేదు. ఇద్దరికీ.

ఉగాది, శ్రీరామనవమి ఆదివారాల్లోనే వచ్చి పడ్డాయి, ఇంట్లో కదలనివ్వలేదు. రెండో ప్రయాణం ఏప్రిల్ 13న. గెడ్డ పారడం ఆగి మడుగులు మిగిలాయి. నీళ్ళు అద్దంలా ఉన్నాయి, పరిగలు ఒక్కోటీ లెక్కపెట్టొచ్చు. అవి కూడా నన్ను లెక్కపెట్టాయి. నా నీడ పడగానే రాళ్ళ కిందికి. మోకాళ్ళ మీద పాకుతూ ఇంకో మడుగు వైపు వెళ్తుంటే తాత నా భుజం పట్టుకుని ఆపాడు. నేల మీద పేడకుప్ప లాంటిది, దాని నిండా జీడిగింజలు. ఎలుగు. ఇంకా తడిగానే ఉంది. నాకు 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో జరిగిన దాడులు గుర్తొచ్చాయి. ఆ వారమంతా కాశీబుగ్గలో కూడా మేం చీకటి పడితే బయటికి రాలేదు. తాత గొంతు పెంచి ఏదో పాట లాంటిది అందుకున్నాడు, నన్ను ముందు నడవమన్నాడు, పరుగెత్తొద్దన్నాడు. పరుగు నేర్చుకోవడానికి ఎనిమిది నెలలు పెట్టి, పరుగెత్తకుండా నడవడం ఎంత కష్టమో ఆ రెండు కిలోమీటర్లలో తెలిసింది. కింద ఊరు చేరాక చెప్పాడు, "జీడిపళ్ళు, పనసపళ్ళు అయ్యేదాకా రాకు బాబూ. వోనలు పడ్డాక రా."

అలా రెండు నెలలు. ఆ ఏడు నైరుతి ముందే వచ్చింది, మే 24కే కేరళ తాకిందని వార్త. నేను ఫోనులో మబ్బుల పటం చూసుకుంటూ కూర్చున్నాను. ఖాళీగా ఉండలేక మళ్ళీ ఈగలు చుట్టాను. అంతవరకూ నల్లచీమ లాంటివే చేశాను. ఒకరోజు నాన్న, "వోన పడ్డాక నీటి మీద ఏటుంతాయో అయి కట్టాల గానీ" అన్నారు. వాన పడ్డాక ఏముంటాయి? ఉసుళ్ళు, పుట్టల్లోంచి లేచే రెక్కల చెదపురుగులు. గోధుమరంగు దారం ఒళ్ళు, లేత ఈకల కొసలతో రెండు పొడుగు రెక్కలు. మూడు కట్టేసరికి ఆ రంగు దారం అయిపోయింది.

జూన్ 8న ఆగలేక వెళ్ళిపోయాను. గెడ్డలో మోకాలి లోతు నీరు. దాటి అవతలి గట్టున నిలబడి విసురుతున్నాను. మాకు ఎండ కాస్తోంది. పైన కొండ మీద మాత్రం నల్లగా ఉంది. పదిన్నరకి నీటి రంగు మారింది, పల్చటి టీ లాగ. తర్వాత ఆకులు, పుల్లలు కొట్టుకొచ్చాయి. "పైకి!" అని తాత అరిచాడు. దాటి వెనక్కి పోదామని నేను నీళ్ళ వైపు అడుగేశాను. ఆయన నా సంచి పట్టి లాగాడు. మేం గట్టెక్కి నిలబడ్డ రెండు నిమిషాలకి, నేను నిలుచున్న రాయి కనపడలేదు. చప్పుడు ముందొచ్చిందా, నీళ్ళు ముందొచ్చాయా అంటే చెప్పలేను. మా మీద ఒక్క చినుకు కూడా పడలేదు.

పది నలభై నుంచి మూడు పది దాకా అవతలి గట్టునే. ఫోనుకి సిగ్నలు లేదు. తొమ్మిదింటికి కొండ దిగి ఫోను చేస్తానని ఇంట్లో చెప్పాను. మిగిలింది సగం కోవా. తాత సగంలో సగం తిని, రాతి కింద తల పెట్టి నిద్రపోయాడు. నేను నీటినే చూస్తూ కూర్చున్నాను. కాళ్ళు వణకడం ఆగడానికి గంట పట్టింది. అమ్మ అన్న మాట ఆ గంటలో చాలాసార్లు వినిపించింది. సాయంత్రం సిగ్నలు వచ్చేసరికి ఇంటి నుంచి 23 మిస్డ్ కాల్స్. ఆ రాత్రి ఇంట్లో జరిగింది రాయను. ఇప్పుడు వెళ్ళే ముందు ఒక కాగితం రాసిపెడుతున్నాను: ఎక్కడికి వెళ్తున్నాను, ఎవరితో, ఎన్ని గంటలు ఆలస్యమైతే కంగారు పడొద్దు, ఎన్ని దాటితే ఎవరికి చెప్పాలి. మా ఆవిడ ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటిస్తుంది. అది అంటిస్తేనే బండి తాళం ఇస్తుంది.

జూన్ 21 శనివారం సాయంత్రమే ఊరు చేరి, తాత ఇంటి అరుగు మీద పడుకున్నాను. రాత్రి పదింటికి వాన మొదలై రెండింటికి ఆగింది. నాలుగున్నరకి మాటలకి మెలకువ వచ్చింది. ఇద్దరు ఆడవాళ్ళు పుట్ట దగ్గర దీపం పెట్టి, కింద నీళ్ళ బేసిను పెట్టి కూర్చున్నారు. ఉసుళ్ళు! దీపానికి వచ్చి రాలుతున్నాయి. పొద్దున్న వేయించి, మరమరాలు కలిపి నాకూ పెట్టారు. నూనె లేకుండానే నూనె రుచి. నేను చిన్నప్పుడు తిన్నాను, మర్చిపోయాను.

ఆరుంబావుకి గెడ్డ దగ్గరున్నాం. నీరు తేటగానే ఉంది, జూన్ 8 నాటి పోటు లేదు. ఇంకా కొన్ని ఉసుళ్ళు ఎగురుతూనే ఉన్నాయి, రెక్కలు రాలి నీటి మీద తేలుతున్నాయి. ఒక బండ వెనక, సుడి చివర, బుడుంగ్. మళ్ళీ బుడుంగ్. పరిగలు పైకొచ్చి తింటున్నాయి. నా చేతులు ఎంత వణికాయంటే కొక్కేనికి ముడి వెయ్యడానికి నాలుగుసార్లు పట్టింది. నేను కట్టిన మొదటి ఉసురు పురుగు చెట్టుకి పోయింది, మామూలే. రెండోది సరిగ్గా బండ పక్కన దిగింది, పరిగ వచ్చింది. నేను ఎడ్లని అదిలించినట్టు లాగాను, దారం తెగింది. మిగిలింది ఒకటి.

ఆ మూడోదాన్ని విసిరాక లైను నా కుడి బూటు లేసుకి చుట్టుకుంది. వంగి దాన్ని విడదీస్తున్నాను. రాడ్డు చంకలో ఉంది. రాడ్డు కొస ఏదో గొణిగినట్టు రెండుసార్లు కదిలింది. "బాబూ, బాబూ!" అని తాత కేక. నేను పట్టానంటే అబద్ధం, అదే పట్టుకుంది. పది సెకన్లు కూడా పట్టలేదు. 3,600 పెట్టిన రీలు ఒక్క చుట్టు తిరగలేదు. చేత్తోనే దారం లాగాను.

వెండి ఒళ్ళు, పక్కన నీలిమచ్చలు, ఎండ పడితే పచ్చగా కొట్టింది. చెయ్యి తడుపుకుని పట్టుకున్నాను, పొడి చేత్తో పడితే దాని ఒంటి జిగురు పోతుంది. పొట్ట ఉబ్బుగా ఉంది, గుడ్లతో ఉందేమో. కొక్కెం ఎదురుముల్లుని ఇంటి దగ్గరే పటకారుతో నొక్కేశాను కాబట్టి ఇట్టే ఊడింది. ఫోను తియ్యడానికి రెండో చేత్తో సంచి జిప్పు వెతుకుతుంటే చెయ్యి కొంచెం వదులైంది. వదిలేశానో, జారిపోయిందో, నాకే తెలీదు. వదిలేద్దామనే అనుకున్నాను గాని ఫొటో తీశాక.

తాత నీళ్ళ వైపు చాలాసేపు చూశాడు. తర్వాత నా వైపు. "ఇడిసిపెట్టీసినావేటి?"

"చిన్నది కదా తాతా."

"పెద్దదైతే ఉంచుతువా?"

ఏమో అన్నాను. ఆయన నవ్వి, చివరి ఉసురుని రాడ్డు నుంచి విప్పి ఇమ్మన్నాడు. తలపాగా అంచుకి గుచ్చుకున్నాడు. దిగేటప్పుడు నేను ముందు పరుగెత్తాను, ఏడు కిలోమీటర్లు 58 నిమిషాలు. బొటనవేలి గోరు రెండోసారి అక్కడే పోయింది.

ఇంటికి కాకుండా ముందు నాన్న దగ్గరికి వెళ్ళాను. అరుగు మీదే ఉన్నారు. పడిందని చెప్పాను, ఉసురుకే పడిందని చెప్పాను.

"ఎంతుంది?"

చూపుడువేలు చూపించాను. ఆయన ఆ వేలుని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"కొర్రమీనుకి ఎరగా బాగుంతాది," అన్నారు.